నా వేలు పిలిచిన ఐసు బండి

సుగుణా, నేనే మే, అక్కని. ఫోను చేస్తే ఎత్తవు, పనిలో ఉంటావని ఇట్టా మైకు బొమ్మ నొక్కి పట్టుకొని మాట్లాడతా ఉండా. ఇది నీకు చేరద్దో చేరదో నాకు తెలీదు. చేరితే విను. నీ పక్కింటి సరోజకి కూడా వినిపించు, ఆమె నవ్వితే నవ్వనీ. నిన్న నేను ఒక్క వేలు పెట్టి ఐసు బండిని, వల మనుషుల్ని, రొయ్యలు కొనే ఏజెంటుని, అందర్నీ గట్టు మీదికి పిలిపించినా. పిలిచింది నేనేనని నాకే తెలవదు. తెలవక వాళ్ళందరికీ టీ పోసి, చాప మీద కూర్చోబెట్టుకొని ఏడ్చినా కూడా.

ఆగు, మొదట్నుంచీ చెప్తా.

సరోజకి తెలవదు గదా మా సంగతి. కోట ఊరు అవతల సముద్రం కల్లా పోయే దోవలో రొయ్యల గుంట కాడ మేం కాపలా ఉంటాం అమ్మా, నేనూ మా ఆయన ఏసోబూ. గట్టు మీద రేకుల కొట్టం, అందులోనే కాపరం. ఉంటాం అంటా ఉండా చూడు. ఆయన పోయినాడు. పొద్దన్నే మేత వేసే తెప్ప కట్టేసి, ఊపిరి ఆడటం లేదని గట్టు మీద కూర్చున్నోడు, కూర్చున్నట్టే పోయినాడు. నేను పొయ్యి కాడ ఉండా. పిలిచినాడో లేదో కూడా తెలీదు నాకు, నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్లు తిరగతా ఉంటే ఆ మోతలో ఏమీ వినపడదు.

ఆయన్ని సమాధి చేసొచ్చినాక మురళి సారు కారేసుకొని వచ్చినాడు. గుంటలు ఆయనవి. కుర్చీ వేస్తే కూర్చోలా, నిలబడే మాట్లాడినాడు.

"మార్తమ్మా, కాపలా పని ఏసోబుది. ఆడమనిషివి, ఒక్కదానివే ఈడ ఎట్టా ఉంటావు? సరే, ఈ పంట తీసేదాకా ఉండు. తర్వాత చూద్దాం."

నేను తల ఊపినా.

పంట తీసేదాకా అంటే, రొయ్యలు పెరిగి వల పడేదాకా. వల పడిన రోజు నేను మూట సర్దుకోవాల. నీ ఇంటికి రమ్మంటావు, తెలుసు మే. వస్తా. కానీ ఆయన తిరిగిన గట్టు ఇది. తెప్ప తాడు కట్టే గుంజ ఉండాది చూడు, ఆయన చేతులు పట్టుకొని పట్టుకొని అది ఒక చోట నున్నగా అయిపోయింది. పొద్దన్నే ఆడ చెయ్యి పెట్టి కొంచేపు నిలబడతా. అందుకని ఈ మధ్య రొయ్యల్ని చూసి, నిదానంగా పెరగండి నాయనా, తొందరేముంది, అని చెప్పుకుంటా ఉండా. సారు వింటే గుంటలోకి తోసుండును నన్ను.

ఇంక ఫోను సంగతి. మా గుంటల లెక్కలన్నీ ఇప్పుడు ఫోనులోనే. వంశీ అని టెక్నీషియను, చిల్లకూరు నుంచి మోటరు సైకిలు మీద వస్తాడు. నన్ను పెద్దమ్మా అంటాడు. మీ బావ ఉండగా ఆయనే నొక్కేవాడు ఫోను. ఆయన పోయినాక ఆ పని నా మీద పడింది. నాకు చదువు లేదు గదా, వంశీ నాకోసరం బొమ్మలు పెట్టించినాడు. చెక్ ట్రే అని ఒకటి ఉంటది సరోజా, గుండ్రటి పళ్ళెం మాదిరి, అడుగున వలగుడ్డ కట్టి ఉంటది. దాంట్లో గుప్పెడు మేత పోసి, తాడు కట్టి నీళ్ళలోకి దించుతాం. కొంచేపైనాక ఎత్తి చూస్తే రొయ్యలు ఎంత తిన్నాయో తెలస్తది. ఫోనులో ఖాళీ పళ్ళెం బొమ్మ, సగం పళ్ళెం బొమ్మ, నిండు పళ్ళెం బొమ్మ ఉంటాయి. మనం ఏది చూస్తే అది నొక్కాల. నా పని అంతే.

నొక్కితే ఏమవుద్ది అని నిన్నటిదాకా నేను అడగలా. వంశీ నిన్న చెప్పినాడు, అది ఇప్పుడే చెప్తా, లేకపోతే నీకు అర్థం కాదు. దాంట్లో షరతులు పెట్టినాడంట. ఖాళీ పళ్ళెం నొక్కితే ఎవురికీ ఏ పనీ పుట్టదు. నిండు పళ్ళెం నొక్కితే, రొయ్యలు మేత ముట్టలా, ఏందో తేడా ఉండాది, పోయి చూడు అని వంశీ ఫోనులో ఒక పని పుడద్ది. మళ్ళా నిండే నొక్కితే నీళ్ళు పరీక్ష చెయ్యమని ల్యాబుకి ఒక పని పుడద్ది. మూడోసారి కూడా నిండే అయితే, ఇంక జబ్బు తగులుకుంది, చచ్చేలోపల పట్టేయాల అని, వల మేస్త్రీకి ఒకటి, ఐసు బండికి ఒకటి, కొనే ఏజెంటుకి ఒకటి, పనులు వాటంతట అవే పుట్టుకొని వాళ్ళ వాళ్ళ ఫోన్లలోకి పోతాయంట. మధ్యలో మనిషి నోరు తెరిచే పనే లేదు. తూములో పలక లాగితే నీళ్ళు వాటంతట అవే కాలవలోకి పోయినట్టు. ఆ పలక నా వేలు కింద ఉండాదని నాకేం తెలుసు?

మొన్న సాయంకాలం ట్రే ఎత్తినా. నిండుగా ఉండాది మే. పోసిన మేత పోసినట్టే. రొయ్యలు తినకపోతే ఇంకేముంది, జబ్బే అనుకున్నా. చెయ్యి తుడుచుకొని నిండు పళ్ళెం బొమ్మ నొక్కినా. గట్టు మీద సిగ్నలు సరిగ్గా ఉండదు, నీకు తెలుసు గదా, నువ్వొచ్చినప్పుడు కల్వర్టు కాడ నిలబడి మాట్లాడతావు. ఆ ఫోనులో ఒక చక్రం ఊరికే గుండ్రంగా తిరగతా ఉండాది. ఏమీ పలకలా. మనం ఎవర్నన్నా పిలిస్తే పలక్కపోతే ఏం చేస్తాం? మళ్ళా పిలుస్తాం. నేనూ మళ్ళా నొక్కినా. చక్రం తిరగతానే ఉండాది. ఇంకోసారి నొక్కినా, కొంచెం గట్టిగా. అది చెవిటిదేమో అన్నట్టు. చక్రం ఆగిపోయింది. హమ్మయ్య, ఇప్పటికి వినపడింది అనుకొని ఫోను కొంగున కట్టుకొని వచ్చేసినా.

అది అంతా వినింది మే. ఒక్కోటీ విడివిడిగా వినింది.

నిన్న పొద్దన్న నేను మొహం కడుక్కుంటా ఉంటే, గట్టు మీద మనుషులు వరసగా నడిచొస్తా కనపడినారు. లుంగీలు ఎగ్గట్టి, తలకి తువ్వాళ్ళు చుట్టుకొని. ముందర పోలయ్య. పోలయ్య వల మేస్త్రీ, సముద్రం మీద బతికే వాళ్ళు. వాళ్ళ దేవుడు వేరే, మన దేవుడు వేరే గానీ, మీ బావకీ ఆయనకీ భలే సావాసం. ఎప్పుడు రొయ్యల పట్టుబడికి వచ్చినా ఇద్దరూ గట్టు మీద కూర్చొని ఒకరి మీద ఒకరు జోకులేసుకుంటా ఉండేవాళ్ళు. అట్టాంటి మనిషి, మీ బావ పోయినప్పుడు రాలా. పులికాట్ కల్లా ఎక్కడో పనిలో ఉండాడంట, కబురు అందలేదంట. నాకు మాత్రం లోపల కొంచెం కష్టంగానే ఉండింది, ఏసోబు ఇంతేనా వీళ్ళకి అని.

అందుకని వాళ్ళు రావటం చూసి నేను ఏమనుకుంటా? పలకరించటానికి వచ్చినారు అనుకున్నా. మనుషుల్ని కూడా వెంటేసుకొని వచ్చినాడు, పెద్ద మనసు అనుకున్నా. వల ఆటోలో ఉండాది, ఆటో కల్వర్టు దాటి గట్టు మీదికి రాదు. నా కంటికి వల కనపడలా. మనుషులే కనపడినారు.

"రా అన్నా" అన్నా, అంతే. చాప పరిచి, ఆ చాప మీదనే కూలబడి ఏడ్చినా. ఆయన ఎట్టా పోయినాడో, ముందు రోజు ఏం తిన్నాడో, చేపల పులుసులో మామిడికాయ తక్కువయిందని ఎట్టా అలిగినాడో, అంతా చెప్పినా. పోలయ్య తల మీద తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. ఆయన కూర్చుంటే వెనకాల వాళ్ళందరూ కూర్చున్నారు. మధ్యలో ఒకడు "మేస్త్రీ, ఎండెక్కతా ఉండాది" అన్నాడు. పోలయ్య వాడి కల్లా ఒక చూపు చూసినాడు.

పాలు లేవు. డికాషను కాచి, బెల్లం వేసి, ఉన్న గ్లాసులు కడిగి కడిగి వంతులు పోసినా. అంతలో కల్వర్టు కాడ పెద్ద హారను. చూస్తే లారీ. నేనేమనుకున్నానో చెప్పనా? ముత్తుకూరు నుంచి మన వాళ్ళందరూ కలిసి లారీ మాట్లాడుకొని వచ్చినారు అనుకున్నా. నువ్వే ముందర కూర్చొని ఉంటావు అనుకున్నా మే. లేచి చూసినా కూడా, నీ పచ్చ చీర కనపడద్దేమోనని. డ్రైవరు దిగి గట్టు మీద నడిచొచ్చి, "ఏందన్నా, ఎంతసేపు? ఐసు కరిగిపోతా ఉండాది" అన్నాడు. పోలయ్య "ఉష్, కూర్చో" అని అతని చేతిలో కూడా ఒక గ్లాసు పెట్టినాడు. నేను ఏడుపులో ఉండా, ఐసు అనే మాట చెవిన పడినా లోపలికి పోలా.

ఇంక అసలుది విను. డ్రైవరు వెనకాలే ఒకాయన వచ్చినాడు. తెల్ల చొక్కా, నున్నగా దువ్విన తల, చంకలో నల్ల బ్యాగు. పాస్టరు గారు ఎవర్నో పంపించినారు అనుకున్నా. టీ ఇచ్చి, చేతులు జోడించి, "అయ్యా, మీరొచ్చినారు, సంతోషం. ఒక ప్రార్థన చెయ్యండయ్యా" అన్నా.

ఆయన రొయ్యలు కొనే ఏజెంటు మే. బ్యాగులో ఉండేది బైబులు కాదు, కాటా.

పాపం, నోట్లో టీ ఉండాది ఆయనకి. మింగి పోలయ్య కల్లా చూసినాడు. పోలయ్య చెయ్యమన్నట్టు తల ఊపినాడు. తర్వాత చెప్పినాడు నాకు, క్రైస్తవుల గుంటల్లో వల దించేముందు ఇట్టా చేస్తారేమో అనుకున్నాడంట. వాళ్ళయితే టెంకాయ కొడతారు గదా. ఏజెంటు లేచి నిలబడి, కళ్ళు మూసుకొని చేతులు కట్టుకున్నాడు. తర్వాత, "దేవుడా, ఈ అమ్మని చల్లగా చూడు. ఈ గుంటని కూడా చల్లగా చూడు. అందరి కాటా సరిగ్గా ఉండేటట్టు చూడు" అన్నాడు. నేను ఆమెన్ అన్నా. నా వెనకాల వల మనుషులందరూ ఆమెన్ అన్నారు. డ్రైవరు కాస్త ఆలస్యంగా అన్నాడు. అంత మంచి ప్రార్థన ఎప్పుడూ వినలేదనిపించింది నాకు. కాటా మాట మాత్రం, పాస్టరు గారు చెప్పే మాదిరే, ఏదో బైబులు వాక్యంలోది అనుకున్నా.

సరిగ్గా అప్పుడే మోటరు సైకిలు మోత. వంశీ. రాత్రి ఫోను చార్జింగులో పెట్టి నిద్రపోయినాడంట, పొద్దన చూసుకుంటే అన్ని పనులు పుట్టి కూర్చొని ఉండాయి. బండి స్టాండు కూడా వెయ్యకుండా పడేసి పరిగెత్తుకుంటా వచ్చినాడు.

"పోలయ్యన్నా, వల దించినారా? దించొద్దు, దించొద్దు."

"యాడ దించినాం? టీ తాగతా ఉండాం" అన్నాడు పోలయ్య.

"ఏం వల?" అన్నా నేను.

వంశీ నా కల్లా చూసినాడు. "పెద్దమ్మా, నిన్న సాయంత్రం నిండు ట్రే ఎన్నిసార్లు నొక్కినావు?"

"అది పలికేదాకా నొక్కినా" అన్నా.

వాడు నుదురు కొట్టుకున్నాడు. అప్పుడు చెప్పినాడు, షరతులు, పనులు, అన్నీ. వాళ్ళందరూ వచ్చింది పట్టుబడికి. పిలిచింది నేను.

సుగుణా, నాకు సిగ్గు రాలేదు మే మొదట. వేరే ఏందో వచ్చింది. వీళ్ళు ఏసోబు కోసరం రాలా. ఒక్కరు కూడా ఆయన కోసరం రాలా. ఫోను పిలిస్తే వచ్చినారు. అంతసేపూ నేను ఎవురి ముందర ఏడ్చినానో, మామిడికాయ సంగతంతా ఎవురికి చెప్పినానో. గ్లాసులు అటూ ఇటూ పడి ఉండాయి చాప మీద. అవి ఏరుకుందామని వంగినా, లేవలేకపోయినా. అట్టాగే వంగి ఉండిపోయినా.

పోలయ్యకి అర్థమైనట్టుంది. "అక్కా, వచ్చింది పనికే. అబద్ధం ఎందుకు. కూర్చున్నది మాత్రం అన్న కోసరమే" అన్నాడు. గ్లాసులు ఆయనే ఏరినాడు.

తర్వాత వంశీ నీళ్ళలో దిగి, ట్రే ఎత్తి, రొయ్యని పట్టుకొని ఎండకి పెట్టి చూసినాడు. ఇంకోటి చూసినాడు. వాడి చేతిలోనించి ఎగిరి పోయినాయి అవి. "జబ్బా? వీటికా? పెళ్ళి భోజనం తిన్నట్టుండాయి ఇవి. పొట్ట పగలతా ఉండాది. తినలేక వదిలేసినాయి. మేత ఎంత పడతా ఉండాది రోజుకి?" అన్నాడు.

బిశ్వ ఉరుక్కుంటా వచ్చినాడు. మీ బావ బదులు తూర్పు గట్టు మేతకి సారు పెట్టిన మనిషి, ఒరిస్సా నుంచి వచ్చినాడు, అవతలి గుంట కాడ పడుకుంటాడు. "నేను కరెక్ట్. కొలత కరెక్ట్. ఎక్కువ లేదు" అని ఒట్టు పెట్టుకున్నాడు. అతని మొహం చూస్తే పని పోద్దేమోనని భయం. ఇంక నేను నోరు మూసుకొని ఉండలేకపోయినా.

సుగుణా, నీకు కూడా చెప్పలా ఈ సంగతి. మీ బావకి పోయిన వేసంగి నుంచే ఆయాసం. తెప్ప లాగితే రొప్పేవాడు. కానీ తూర్పు గట్టు నాది, నేనే వేస్తా అని మొండి. అందుకని నేను ఆయన కంటే ముందర లేచి, మేత కొట్టులో బక్కెట్టు ముంచుకొని పోయి, తూర్పు పక్క మేత వేసేసి, ఖాళీ బక్కెట్టు తెప్ప కాడ పెట్టి వచ్చేదాన్ని. ఆయన లేచి పోయి చూసి వచ్చి, "నువ్వేసినావా?" అనేవాడు. "నేనెందుకేస్తా? నువ్వే వేసినావు, మరిచిపోయినావా?" అనేదాన్ని. ఆయనకి తెలుసు. తెలిసి కూడా, "ఆఁ, వేసినా గదా" అని టీకి కూర్చునేవాడు.

ఆయన పోయినాక కూడా కాళ్ళు అట్టాగే పోతా ఉండాయి మే. ఇంకా తెల్లవారకముందే లేస్తా, బక్కెట్టు ముంచుతా, పోయి వేస్తా, వస్తా. అది మేత అని, రొయ్యలు తింటాయని, బిశ్వ మళ్ళా వేస్తాడని, ఇవేమీ నా బుర్రలో లేవు. అట్టా వేస్తే ఆయన టీకి కూర్చుంటాడు. అంతే నాకు తెలిసింది. రొయ్యలు మాత్రం ఇద్దరిదీ తిని తిని, చివరికి చేతులెత్తేసినాయి.

ఇది చెప్పేటప్పుడు మురళి సారు కూడా వచ్చి నిలబడి ఉండాడు. ఎప్పుడొచ్చినాడో చూడలా. అంతా విన్నాడు.

మొదట వంశీ మీద అరిచినాడు. తర్వాత నా కల్లా తిరిగి, "ఏందమ్మా మార్తమ్మా, పంట తీసేదాకా ఉండమంటే, నువ్వే పంట తీయించేస్తా ఉండావే" అన్నాడు. అందరూ నవ్వినారు. నాకూ నవ్వొచ్చింది. నవ్వతా ఉంటే కళ్ళలో నీళ్ళు ఆగలా.

ఏజెంటు ఊరుకోలా. ప్రార్థన చేసిన నోటితోనే, "సార్, బండి వచ్చేసింది, ఐసు వచ్చేసింది, రేటు కూడా బాగుంది. ఉన్నకాడికి పట్టేద్దాం. మళ్ళా రేపెట్టా ఉంటదో" అన్నాడు. సారు నీళ్ళ కల్లా చూస్తా ఉండాడు. చూస్తే ఎటూ తేల్చుకోలేనట్టుండాడు. నాకు నా మూట కళ్ళ ముందర కనపడింది. నేనే నొక్కినా, నేనే పిలిచినా, ఇంక నేనెట్టా వద్దంటా?

"చిన్నవి సార్ ఇంకా. ఇప్పుడు పడితే మనకే నష్టం" అన్నాడు వంశీ.

"సారు పట్టమన్నా నా మనుషులు ఇవాళ నీళ్ళలో దిగరు" అన్నాడు పోలయ్య.

"ఎందుకని?"

"దుఃఖం ఉన్న గడపలో కూర్చొని టీ తాగినాం సార్. ఆ రోజు వల తడపం. మా పద్ధతి అది."

సారు సరే పొమ్మన్నట్టు డ్రైవరుకి చెయ్యి ఊపినాడు. అట్టాంటి పద్ధతి ఉండాదో లేదో నాకు తెలవదు మే. పోలయ్య పక్కన నిలబడినోడు మాత్రం, ఈ పద్ధతి ఎప్పుడొచ్చింది అన్నట్టు ఆయన మొహంలోకి చూసినాడు.

ఐసు బండిని వేరే గుంటకి తోలించినారు. ఏజెంటు పోతా పోతా నాకు నమస్కారం పెట్టినాడు. నేనూ పెట్టినా. ఎంతైనా ప్రార్థన చేసిన మనిషి.

సారు వంశీని పట్టుకున్నాడు. "అసలు ఒక ముసలామె మూడుసార్లు నొక్కితే లారీ వచ్చేటట్టు ఎట్టా పెట్టినావయ్యా?" అన్నాడు. వంశీ తల దించుకొని, తప్పు నాదే సార్, నా ఉద్దేశం వరసగా మూడు దినాలు నిండితే అని, అది మూడు నొక్కుళ్ళని లెక్కేసుకుంది అన్నాడు. గట్టు మీదనే కూర్చొని, కంప్యూటరు ఒళ్ళో పెట్టుకొని, అన్నీ మార్చినాడు. ఒక రోజులో ఎన్నిసార్లు నొక్కినా ఒక్కటే లెక్క. వలకి, ఐసుకి, ఏజెంటుకి పని పుట్టాలంటే ముందు వంశీ వచ్చి కంటితో చూడాల, సారు నోటితో సరే అనాల. అప్పటిదాకా తూము పలక లేవదు.

నేను పక్కన కూర్చొని చూస్తా ఉండా. బిశ్వ అడిగినాడు, "తూర్పు మేత? ఆంటీ మళ్ళీ వేస్తే?" అని. అడగాల్సిన మాటే. వాడి పని వాడిది. నేను, "ఇంక పోనులే నాయనా, మేత కొట్టు తాళం కూడా నువ్వే పెట్టుకో" అని తాళంచెవి కొంగు ముడి విప్పతా ఉండా. ఆ ముడి పడిపోయి ఒక పట్టాన రాలా.

వంశీ సారు కల్లా చూసినాడు. "సార్, తూర్పు గట్టు మేత పెద్దమ్మ పేరు మీద పెట్టనా? పొద్దన ఆమె వేసి నొక్కితే బిశ్వకి ఆ పని పుట్టదు. ఆమె నొక్కకపోతేనే వీడికి పుడద్ది. ఇద్దరూ వేసే పనే ఉండదు."

సారు "పెట్టు" అన్నాడు.

వంశీ ఏందో కొట్టి ఆగినాడు. "ఈ పని ఎప్పటిదాకా అని అడగతా ఉండాది సార్. ముగింపు తేదీ వెయ్యాల. పంట తీసేదాకా వెయ్యనా?"

నేను తాళంచెవి ముడి మీదనే చూపు పెట్టుకొని కూర్చున్నా. సారు కాసేపు తూర్పు గట్టు కల్లా చూసినాడు.

"ఖాళీగా వదిలెయ్" అన్నాడు.

"తేదీ వెయ్యకపోతే రోజూ పుడతానే ఉంటది సార్."

"పుట్టనీ" అన్నాడు. కారెక్కి పోయినాడు.

నాకు వెంటనే తెలవలా మే. వంశీ నా పక్కన కూర్చొని రెండోసారి చెప్తే తెలిసింది, ఆ పనికి ముగింపు లేదంటే నేను మూట సర్దుకునే రోజూ లేదని. ఆ ముడి మళ్ళా బిగించుకున్నా.

ఇవాళ పొద్దన పోయి ఆయన గట్టున మేత వేసొచ్చినా. ఒక్కసారే నొక్కినా. నొక్కి, ఫోనుని బియ్యం డబ్బాలో పెట్టి మూత పెట్టినా, మళ్ళా వేలు పోకుండా. అక్కడ్నించి తీసే ఇప్పుడు నీతో మాట్లాడతా ఉండా, బియ్యం గింజలు అంటుకొని ఉండాయి దీనికి.

అసలు నీకు ఎందుకు చేసినానంటే, శనివారం మీ బావ పేరున పెట్టే ఆదరణ కూడికకి నువ్వు తెచ్చే గిన్నె చాలదు. మీ చర్చీలో పెద్ద డేగిసా ఉంటే అడిగి తీసుకురా. పోలయ్య, వాళ్ళ మనుషులందరూ వస్తామన్నారు, నిన్న కూర్చున్నది సగంలో ఆగిపోయింది, ఈసారి పూర్తిగా కూర్చుంటాం అన్నారు. నేను నోటితోనే పిలిచినా ఈసారి, వేలితో కాదు. ఐసు బండి డ్రైవరు కూడా, "నేనూ వస్తానమ్మా, ఏమన్నా తేవాల్నా?" అన్నాడు. "రా నాయనా, ఐసు మాత్రం తేబాక, మా ఆయనకి చల్లటిది పడదు, దగ్గొస్తది" అన్నా.

వాడు సరేనమ్మా అని తల ఊపి పోయినాడు. వాడు కల్వర్టు దాటినాక గుర్తొచ్చింది నాకు.